పాండవుల గుట్ట మీద చెట్ల లెక్క



మేము పాండవుల గుట్టకు పోయి వచ్చినమని తెలిసి, ఆరో తరగతి తమ్ముడొకడు మెస్సు లైన్లో నన్ను అడిగిండు: "అన్నా, అడవిల ఎన్ని చెట్లున్నయే?" చెట్లెన్ని అంటే నేను చెప్పలేను. ఎన్ని రకాలు అని అడిగితే మాత్రం కొంత చెప్పగలను. ఈ రెండు ప్రశ్నలు ఒకటే అనిపిస్తాయి గానీ చాలా తేడా ఉంది. ముందు ఆ తేడా చెప్పి తర్వాత గుట్టెక్కుతాను.

ఒక గుంట జాగాలో ఇరవై టేకు చెట్లు వరుసగా నాటారనుకోండి. పక్క గుంటలో కూడా ఇరవై చెట్లే ఉన్నాయి. కానీ అందులో నాలుగు టేకు, మూడు నల్లమద్ది, మూడు తునికి, రెండు ఇప్ప, మిగిలినవి మొర్రి, ఉసిరి, సోమి, బిల్లు, ఎగిస, రేల ఇట్ల తలా ఒకటి రెండు ఉన్నాయనుకోండి. లెక్కకు రెండూ సమానమే. దూరం నుంచి చూస్తే రెండూ పచ్చగనే కనబడతాయి. కానీ మొదటిది తోట, రెండోది అడవి. ఈ రకరకాలుగా ఉండడాన్నే పుస్తకాల్లో జీవవైవిధ్యం అంటారు.

రకరకాలుంటే ఏమొస్తది అంటే, రెండు సంగతులు చెప్తాను. వానాకాలంలో టేకు ఆకును ఒక పురుగు జల్లెడ లెక్క చేస్తుంది. ఆకులో ఈనెలు తప్ప ఏమీ మిగలవు. మొత్తం టేకే ఉన్నచోట ఆ పురుగుకు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోవడానికి అడ్డేలేదు. కలగలుపు అడవిలో టేకు పక్కన తునికి, దాని పక్కన మద్ది ఉంటే పురుగుకు దారి దొరకడం కష్టమవుతుంది. రెండోది కడుపు సంగతి. మా తండాలో మా యాడి చెప్పే లెక్క ప్రకారం అడవి ఏడాది పొడుగునా ఏదో ఒకటి ఇస్తనే ఉంటది. హోలీ ముందర మోదుగు పూలు, వీటినే మేము కేసుల పూలు అంటాము, రంగు చేసుకుంటాము. ఎండలు ముదరగానే ఇప్ప పువ్వు రాలుతుంది. దాని వెనకాలే మొర్రి పండ్లు, తునికి పండ్లు, తునికాకు కల్లం. తొలకరికి అల్లనేరేడు, పుట్టగొడుగులు. కార్తీకంలో ఉసిరి. సంక్రాంతికి రేగు. ఇందులో ఒక్క రకం పోయినా ఏడాదిలో ఒక నెల ఖాళీ అయినట్టే. టేకు తోట ఎంత పెద్దదైనా పిల్లలకు ఒక్క పండు ఇవ్వదు. (టేకు మీద నాకు కోపం లేదు. మన హాస్టలు తలుపులు దానివే.)

తొర్రూరు చుట్టుపక్కల మనకు కనిపించేవన్నీ పొలాలు, తాటిచెట్లు, బోడి బండరాతి గుట్టలు, వాటి మీద సీతాఫలం పొదలు. అడవి అని చెప్పుకునేది తక్కువ. అందుకని మా సైన్సు సారు కార్తీక మాసంలో మమ్మల్ని వరంగల్, పరకాల మీదుగా భూపాలపల్లి జిల్లాలో రేగొండ దగ్గర ఉన్న పాండవుల గుట్టకు తీసుకుపోయారు. వనభోజనమూ అయితది, పాఠమూ అయితదని ఆయన ఆలోచన. కార్తీకంలోనే ఎందుకంటే అప్పటికి ఆకు రాలదు, కాయలు కూడా చాలా చెట్లకు ఉంటాయి. మన అడవులు ఆకురాల్చే అడవులు. ఎండాకాలంలో నీళ్లు దొరకవు గనుక చెట్లు ఆకులు రాల్చి నీటిని పొదుపు చేసుకుంటాయి. అప్పుడు పోతే బెరడు చూసి చెట్టును గుర్తుపట్టాలి, అది మాలాంటి కొత్తవాళ్ళ వల్ల కాదు.

ఆ గుట్టలు ఇసుకరాతివి. రాతి కింద పాతకాలపు మనుషులు గీసిన బొమ్మలున్నాయి. అందరూ ముందు వాటి దిక్కే ఉరికిండ్రు. బొమ్మల మీద వేరే వ్యాసం రాస్తానని నా దోస్తు అన్నాడు గనుక నేను ఆ జోలికి పోను.

ఇక లెక్క ఎట్ల చేసినమో చెప్తాను. అడవి మొత్తం తిరిగి లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. అందుకని శాస్త్రజ్ఞులు అక్కడక్కడ గడులు గీసి, ఆ గడిలో ఉన్నవి మాత్రం లెక్కపెడతారు. చెట్ల కోసమైతే పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న గడి సరిపోతుంది. ఇది వంద చదరపు మీటర్లు. మన దగ్గర భూమి కొలిచే ఒక గుంట కూడా ఇంచుమించు అంతే, నూటొక్క చదరపు మీటర్లు. కాబట్టి మా నాయినలకు ఈ పద్ధతి చెప్పడం చాలా తేలిక: "గుంట జాగాలో ఎన్ని రకాలున్నయో చూసినం బాపూ" అంటే చాలు.

నాలుగు మూలలకు నలుగురం నిలబడి తాడు పట్టుకున్నాం. ఒకరు చెట్టు చుట్టుకొలత టేపుతో కొలిచేది, ఒకరు పేరు చెప్పేది, ఒకరు రాసేది. చుట్టుకొలత ఎక్కడపడితే అక్కడ కొలవకూడదు. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో, అంటే ఛాతీ ఎత్తులో కొలవాలి. ప్రపంచంలో చాలా దేశాల్లో ఇంచుమించు ఆ ఎత్తులోనే కొలుస్తారట. పొట్టివాళ్ళు కొలిస్తే వేరే, పొడుగువాళ్ళు కొలిస్తే వేరే రాకుండా మేము ఒక కర్రకు ఆ ఎత్తులో గాటు పెట్టుకున్నాం.

ఒక తమాషా జరిగింది. మొదటి గడిలో మాకు దొరికిన పేర్లు రెండు చేతుల వేళ్ళకు సరిపోయాయి. రెండో గడిలో కొత్త పేర్లకు ఒక చెయ్యి చాలింది. మూడోదాంట్లో రెండే కొత్తవి. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాం. సారు నవ్వి, "ఈ మూడు గడులూ ఒకే తీరు జాగాలో వేశారు. ఇప్పుడు వాగు దిక్కు పోయి వెయ్యండి" అన్నారు. వాగు ఒడ్డున గడి వేస్తే మళ్ళీ అన్నీ కొత్తవే వచ్చాయి! అంటే ఒకే తీరు నేలలో ఎంత తిరిగినా కొత్తవి దొరకడం తగ్గిపోతుంది. నేల మారితే, నీళ్లు మారితే మళ్ళీ కొత్త లెక్క మొదలవుతుంది. గుట్ట ఎక్కి చెట్లు చూడమనేది ఇందుకే. మైదానంలో పది కిలోమీటర్లు నడిచినా కనబడని మార్పు గుట్ట మీద అరగంటలో కనబడుతుంది.

ఈ పద్ధతిలో లోకానికి దారి చూపించినవాళ్ళలో హంబోల్ట్ అనే జర్మనీ ఆయన ఒకరు. 1802లో ఆయన, బోన్‌ప్లాండ్ అనే దోస్తుతో కలిసి దక్షిణ అమెరికాలోని చింబొరాజో అనే పర్వతం ఎక్కారు. దాని ఎత్తు 6,263 మీటర్లు. మంచు, ఊపిరాడకపోవడం వల్ల శిఖరం చేరలేదు గానీ, కింది నుంచి పైకి ఏ ఎత్తులో ఏ మొక్కలున్నాయో రాసుకున్నారు. తర్వాత పర్వతం బొమ్మ గీసి, ఏ ఎత్తులో ఉన్న మొక్క పేరు ఆ ఎత్తులోనే రాసి అచ్చువేశారు. ఎత్తుకు పోయినకొద్దీ చలి పెరుగుతుంది, సుమారు వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. కాబట్టి అక్కడ చలిని బట్టి మొక్కలు మారతాయి.

మన గుట్టలు అంత ఎత్తువి కావు. కింద ఎంత ఉక్కనో పైన కూడా ఇంచుమించు అంతే. మరి మొక్కలు ఎందుకు మారతాయి? నీళ్లు, మట్టి కారణం. వాన పడగానే పైనున్న మట్టి కొట్టుకుపోయి కింద చేరుతుంది. కింద లోతైన మట్టి, మధ్యలో రాళ్ళు కలిసిన పలుచని మట్టి, పైన ఒట్టి బండ. ఇంకో కారణం ఎండ. చలికాలంలో సూర్యుడు దక్షిణం దిక్కు వంగి పోతాడు గనుక గుట్టకు దక్షిణపు వాలు ఎక్కువ ఎండుతుంది, ఉత్తరపు వాలు కాస్త చల్లగా ఉంటుంది. ఒకే గుట్టకు రెండు ముఖాలన్నమాట.

పక్కన అతికించిన గుట్ట బొమ్మ చూస్తూ చదవండి. అడుగున పశువులు తిరిగే జాగాలో మోదుగు, రేగు, తంగేడు, పరికి. పశువులు మేసినా, గొడ్డలి పడినా మళ్ళీ చిగురు పెట్టే మొండి జాతులివి. కొంచెం పైకి పోతే టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, చిరుమాను. టేకు లేత ఆకు చేతిలో నలిపితే ఎర్రగా గోరింటాకు పెట్టినట్టు అవుతుంది, దానితో గుర్తుపట్టొచ్చు. నల్లమద్ది బెరడు పగిలి పగిలి మొసలి వీపులాగ ఉంటుంది. కొన్ని నల్లమద్ది చెట్లు బెరడు కింద నీళ్లు దాచుకుంటాయట. ఎండాకాలం అడవిలో దూపైతే ఏ చెట్టుకు గాటు పెట్టాలో పాతకాలపు వాళ్ళకు తెలుసు.

ఇంకా పైకి పోతే బండల మధ్య తపసి. అది చూడంగనే భయమైంది, ఎవరో తెల్లబట్ట కట్టుకొని నిలబడ్డట్టే ఉంది. దాని బెరడు కాగితం లెక్క పలుచగా, తెల్లగా మెరుస్తుంది. మట్టి లేని బండ నెర్రెల్లో వేరు పెట్టి నిలబడుతుంది. దీని బంకనే తపసి బంక అంటారు. మందుల్లో వాడతారు, పెట్టుడు పండ్లు అంటుకొని ఉండడానికి కూడా వాడతారట! 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ అడవి జనం దగ్గర కొనే సరుకుల్లో ఇది ముఖ్యమైనది. కానీ ఎక్కువ బంక వస్తదని గొడ్డలితో లోతుగా నరికితే చెట్టు కోలుకోదు, ఎండిపోతుంది. చిన్నగా గీసి, తర్వాత చెట్టుకు కొన్నాళ్ళు విశ్రాంతి ఇస్తే ఏళ్ళతరబడి ఇస్తుంది. మేము చూసిన తపసిల్లో ఒకదానికి నిలువెల్లా గొడ్డలి గాట్లే. దాని కింద మొలకలు ఒక్కటి కూడా కనబడలేదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెప్తున్నాను, జాగ్రత్తగా చదవండి.

రాసేవాడు మూడో గడిలో "కొడిశ" అని రాసుకున్నాడు. వాగు ఒడ్డున గడిలో ఇంకొకడు చెట్టు చూసి మళ్ళీ "కొడిశ" అన్నాడు. ఇది ముందే రాసినం గదా, కొత్తది కాదు అని వదిలేయబోయారు. మాకు దారి చూపించడానికి వచ్చిన ఊరి తాత ఒకాయన ఆపిండు.

"గాడ మీరు చూసింది కొడిశ. మేక సుత ముట్టది. గుంజలకు పనికొస్తది, గంతే. గిది పాలకొడిశ."

"బంకవిరేచనాలకు ఇచ్చేది ఏది తాతా?"

"గిదే బిడ్డా, దీని చెక్క. గాదాన్ని నోట్ల పెడితే మనిషి దక్కడు."

మా అందరి చేతులు ఒక్కసారి చొక్కాలకు తుడుచుకున్నాం. సారు కూడా ఆ రెండు ఆకులు పక్కపక్కన పెట్టి ఐదు నిమిషాలు చూశారు.

తేడా ఏమిటంటే: కొడిశ ఆకు గుండ్రంగా ఉంటుంది, కొమ్మకు ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క వస్తుంది. తుంచితే పాలు రావు. కాయ చిన్నగా, గట్టిగా, మూడు పలకలుగా ఉండి ఎండితే ముదురు గోధుమరంగులో మెరుస్తుంది. పాలకొడిశ ఆకులు పొడుగ్గా, ఎదురెదురుగా జతలు జతలుగా వస్తాయి. తుంచితే తెల్లటి పాలు కారతాయి. కాయలు సన్నగా, జానెడు కంటే పొడుగ్గా, జంటగా వేలాడతాయి. ఆయుర్వేదంలో దీన్నే కుటజం అంటారు, కుటజారిష్టం అనే మందు దీనితోనే చేస్తారు. అట్లని పాలు కారే చెట్లన్నీ మందు అనుకోవద్దు. జిల్లేడుకు కూడా పాలే కారతాయి, అది కంట్లో పడితే ఏమైతదో మీకు తెలుసు. ఇది చదివి ఎవరూ సొంత వైద్యం చెయ్యవద్దు. కడుపునొప్పి వస్తే వార్డెన్ సారుకు చెప్పండి.

ఒక్క "పాల" అనే మాట ఉంటే మందు, లేకపోతే విషం. పేరు సగం తెలిసి ఉండడం ఎంత ప్రమాదమో నాకు ఆ చెట్ల కిందనే తెలిసింది. శాస్త్రజ్ఞులు నోరు తిరగని రెండు మాటల పేర్లు ఎందుకు పెట్టారని మనం క్లాసులో గునుస్తాం గదా, కారణం ఇదే. స్వీడన్ దేశపు లిన్నేయస్ 1753లో అచ్చువేసిన పుస్తకంలో మొక్కలన్నిటికీ ఈ రెండు మాటల పద్ధతి పెట్టారు. దాని ప్రకారం కొడిశ పేరు క్లైస్టాంథస్ కొల్లైనస్. పాలకొడిశ పేరు హోలరీనా ప్యూబెసెన్స్. ఈ రెండు పేర్లను ఏ దేశంలోనూ ఎవరూ కలగలపలేరు. కొల్లైనస్ అంటే లాటిన్‌లో గుట్టల మీద ఉండేది అని అర్థం, మనం చూసిందీ గుట్ట మీదనే.

ఆ "కొల్లైనస్" అన్న మాట పెట్టింది రాక్స్‌బర్గ్ అనే డాక్టరు. ఆయన ఈస్టిండియా కంపెనీ నౌకరీలో 1781 నుంచి 1793 దాకా ఇప్పటి కాకినాడ జిల్లా సామర్లకోటలో ఉన్నాడు. మొక్కలు తెప్పించుకొని, మన దేశపు చిత్రకారులతో బొమ్మలు గీయించి, తెలుగువాళ్ళు పిలిచే పేర్లు కూడా రాసుకున్నాడు. కోరమండల్ తీరపు మొక్కలు అనే ఆయన పుస్తకం మూడు సంపుటాలుగా లండన్‌లో 1795 నుంచి 1820 వరకు వచ్చింది. అందులో మూడువందల బొమ్మలున్నాయి. మన సోమి చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని ఆయన రాశాడు. తర్వాత ఆ చెట్టుకు శాస్త్రీయంగా పెట్టిన పేరు సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. "సోమిద" అనే తెలుగు మాట అట్లనే లాటిన్‌లోకి పోయింది! ఫెబ్రిఫ్యూగా అంటే జ్వరాన్ని తరిమేది. మోదుగుకు మాత్రం ఆ అదృష్టం లేదు. మన అడవి ముఖం చూడని బ్రిటన్ ప్రధాని ఒకాయన, బ్యూట్ ప్రభువు, ఆయన పేరు మీద బ్యూటియా అని పెట్టారు. కేసుల అని పెడితే ఎంత బాగుండు.

రాక్స్‌బర్గ్‌కు ఆ పేర్లు ఎవరు చెప్పారో పుస్తకం మీద వాళ్ళ పేర్లు లేవు. మన తాత లాంటి వాళ్ళే చెప్పి ఉంటారని నేను అనుకుంటున్నాను.

ఆ రోజు పేర్లు చెప్పడంలో ఎవరు గెలిచారో చెప్పనా? క్లాసు ఫస్టు వచ్చేవాళ్ళు కాదు. కొత్తగూడ, గంగారం దిక్కు నుంచి వచ్చిన మన కోయ దోస్తులు ఇద్దరు, కళ్ళు మూసుకొని బెరడు తడిమి చెప్పారు. మా తండాల పిల్లలం సగం పేర్లు చెప్పినం. కానీ ఐదో తరగతి నుంచే హాస్టల్లో ఉన్నవాళ్ళకు మోదుగు, టేకు, ఉసిరి తప్ప ఏవీ రాలేదు. ఇందులో వాళ్ళ తప్పు లేదు. పేర్లు నేర్చుకునే ఎండాకాలాలు, ఇప్ప పువ్వు ఏరే తెల్లవారుజాములు వాళ్ళకు దొరకలేదు. మనం ఇక్కడ లెక్కలు, ఇంగ్లీషు నేర్చుకుంటున్నాం, అది కావాల్సిందే. కానీ ఈ లోపల ఊళ్ళో ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. పాలకొడిశ ఏదో, కొడిశ ఏదో చెప్పే మనిషి ఒక తండాలో ఎంతమంది మిగిలారో మీరే లెక్కపెట్టండి.

మన దేశంలో 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. దాని ప్రకారం ఊరి స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఉండాలి. ఊరి జనాన్ని అడిగి, అక్కడి మొక్కలు, జంతువులు, వాటి వాడకం అంతా ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు అనే పుస్తకంలో రాయాలి. 2006 అటవీ హక్కుల చట్టంలో కూడా అడవి జనానికి తమ సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు ఉందని రాశారు. అంటే మా తాత చెప్పిన "పాల" అనే మాటకు చట్టంలో కూడా విలువ ఉన్నది. రిజిస్టరు రాయడానికి ఎవరో పెద్ద ఆఫీసరు రావాలని లేదు, ఊరివాళ్ళు చెప్తేనే అది నిండుతుంది.

మేము కూడా ఒక చిన్న రిజిస్టరు మొదలుపెట్టినం. అటవీశాఖ వాళ్ళ అనుమతితో పోయినం గనుక ఏదీ తెంపలేదు, కింద రాలిన ఆకులే ఏరుకొని పాత పేపర్ల మధ్య పెట్టి, పైన ట్రంకుపెట్టె బరువు పెట్టి ఎండబెట్టినం. రెండు రోజులకోసారి పేపరు మార్చకపోతే బూజు పడుతుంది. ఒక్కో పేజీలో ఆకు, దాని పక్కన నాలుగు గడులు: తెలుగు పేరు, లంబాడీ పేరు, కోయ పేరు, శాస్త్రీయ నామం. తెలుగు గడి దాదాపు నిండింది. శాస్త్రీయ నామం సారు నింపుతున్నారు. లంబాడీ, కోయ గడులే చాలా ఖాళీగా ఉన్నాయి.

ఆల్బం సైన్సు గదిలో కిటికీ పక్క బీరువాలో ఉంది, ఎవరైనా చూడొచ్చు, చేతులు కడుక్కొని ముట్టండి. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయేవాళ్ళు బీరువా మీద పెట్టిన ఖాళీ కాగితాలు తలా ఒకటి తీసుకపోండి. మీ ఇంట్లో ముసలివాళ్ళను అడిగి పేర్లు రాసుకొని రండి, ఏ నెలలో పూస్తదో, ఎందుకు వాడతరో కూడా రాయండి. కొడిశ, నల్లజీడి మాత్రం ఆకు గానీ కాయ గానీ తేవద్దు, పేరు తెస్తే చాలు. నల్లజీడి రసం తగిలితే ఒళ్ళు పొక్కుతుంది, అది బట్టల మీద చాకలి గుర్తులు పెట్టే రసం.

ఈ కాగితం కింద దారంతో కట్టిన ఆకు వాగు ఒడ్డు గడిలో దొరికింది. మూడు ఆకులు కలిసి ఒక్క కాడకు ఉన్నాయి, అంచు రంపం లెక్క ఉంది, నలిపితే ఘాటు వాసన వస్తున్నది. తాతను అడుగుదామంటే అప్పటికే ఆయన వెళ్ళిపోయిండు. తెలిసినవాళ్ళు పక్కన పెన్సిలుతో పేరు రాసి, మీ ఊరి పేరు కూడా రాయండి.